ముక్కు నుంచి మెదడు ద్రవం కారుతుంటే ఎండోస్కోపీతో చికిత్స

మెదడును, వెన్నుపామును ఆవరించి ఉండే మస్తిష్క మేరు ద్రవం పెద్దవారిలో సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. తలకు గాయమైనప్పుడు, కొందరిలో కపాలం లోపల ఒత్తిడి పెరిగినప్పుడు, కపాలం అడుగుభాగాన గల పలుచని ఎముకకు రంధ్రం ఏర్పడి ఈ ద్రవం ముక్కులోకి కారుతుంది.

తల వంచినప్పుడు ఒక ముక్కు రంధ్రం నుంచే నీరు కారడం, గొంతులో ఉప్పదనం తెలియడం దీని ముఖ్య లక్షణాలు. దీనిని జలుబుగా భావించి అశ్రద్ధ చేస్తే, సూక్ష్మక్రిములు అదే మార్గాన ప్రవేశించి ప్రాణాంతకమైన మెనింజైటిస్ వ్యాధి కలిగించే ప్రమాదం ఉంది. బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ పరీక్షతో వ్యాధిని, సి.టి., ఎం.ఆర్.ఐ. స్కానింగులతో రంధ్రం ఉన్న చోటును నిర్ధారిస్తారు.

గాయం వలన ఏర్పడిన స్రావం చాలామందిలో విశ్రాంతితోనే ఆగిపోతుంది. ఆగనివారికి శస్త్రచికిత్స అవసరం. 1926లో అమెరికా శస్త్రవైద్యుడు వాల్టర్ డాండీ కపాలాన్ని తెరచి ఈ లోపాన్ని సరిచేశారు. 1981లో జర్మనీ వైద్యుడు వీగాండ్ ఎండోస్కోపీ విధానాన్ని వెల్లడించారు. ఇందులో ముక్కు ద్వారా ఎండోస్కోపును పంపి, రోగి శరీరం నుంచే సేకరించిన కొవ్వు, కండరంపై పొర లేదా ముక్కు లోపలి పొరతో రంధ్రాన్ని మూసివేస్తారు. తలపై కోత ఉండదు. సుమారు 90 శాతం మందిలో తొలి ప్రయత్నమే ఫలిస్తుంది.

తలకు గాయమైన తరువాత ముక్కు నుంచి నీరు కారుతున్నవారు జాప్యం చేయక వైద్యులను సంప్రదించాలి.