డీజిలు ముల్లు ఎందుకు తప్పుతుంది?

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం వెళ్లారా? అక్కడ వశిష్ఠ గోదావరికి సముద్రం ఎంతో దూరం లేదు. పోటు వేళ ఉప్పునీరు ఏటిలోకి ఎగదన్నుతుంది. పాటు వేళ నీరంతా అంతర్వేది వైపు పరుగుతీస్తుంది. అలాంటి చోట నడి ఏట్లో ఇంజను ఆగిపోతే బోటు ఎటు పోవాలో నిర్ణయించేది సరంగు కాదు, ఏరు.

జెట్ బోటుకైతే ఈ చిక్కు మరీ ఎక్కువ. న్యూజిలాండుకు చెందిన విలియం హామిల్టన్ 1950ల్లో లోతు తక్కువ నదుల కోసం దీనిని తీర్చిదిద్దాడు. ఇది అడుగున ఉన్న నీటిని పంపుతో పీల్చి వెనుకకు చిమ్ముతుంది. న్యూటన్ మూడో నియమం ప్రకారం బోటు ముందుకు పోతుంది. దీనికి మామూలు బోటుకున్నట్లు చుక్కాని ఉండదు. నీటిధార వచ్చే మూతిని పక్కకు తిప్పడమే మలుపు. ఇంజను ఆగితే ధార ఆగుతుంది, ధారతోపాటు మలుపూ పోతుంది. కాబట్టి ట్యాంకులో చమురెంత ఉందో తెలియడం చాలా అవసరం. దానిని తెలిపేది డ్రైవరు ముందుండే గేజ్.

ఆ గేజ్‌లోని ముల్లు చమురును ఎన్నడూ చూడదు. అది చూసేది విద్యుత్తును మాత్రమే. ట్యాంకులో ఒక బెండు చమురుపై తేలుతూ ఉంటుంది. బెండుకు ఒక కడ్డీ, కడ్డీ రెండో కొస నిరోధపు చుట్టపై జరుగుతూ ఉంటుంది. చమురు తగ్గితే బెండు దిగుతుంది, నిరోధం మారుతుంది. ఓమ్ నియమం మీరు చదివే ఉంటారు. నిరోధం పెరిగితే విద్యుత్ ప్రవాహం తగ్గుతుంది. ఆ ప్రవాహాన్ని బట్టి ముల్లు కదులుతుంది. అమెరికా పద్ధతి గేజ్‌లలో ట్యాంకు నిండితే సుమారు 30 ఓములు, ఖాళీ అయితే 240 ఓములు. ఐరోపా పద్ధతిలో ఇది తలకిందులు: ఖాళీకి 10, నిండుకు 180. ఒక పద్ధతి గేజ్‌కు మరో పద్ధతి బెండు బిగిస్తే చమురు తగ్గేకొద్దీ ముల్లు పైకి పోతుంది!

ఇక ఉప్పుగాలి చేసే పని చూడండి. రాగితీగ అతుకుల దగ్గర పచ్చని చిలుము పడుతుంది. చిలుము విద్యుత్తును సరిగా పోనివ్వదు, అంటే అదీ ఒక నిరోధమే. అమెరికా పద్ధతిలో సగం ట్యాంకుకు సుమారు 100 ఓములు. చిలుము ఇంకో 140 కలిపిందంటే మొత్తం 240. సగం డీజిలు ఉండగానే ముల్లు ఖాళీ అంటుంది! ఎర్తు తీగ ఊడినా అంతే. ఈ తప్పు విసుగు పుట్టిస్తుందే గాని ప్రాణం మీదికి తేదు. తీగ తొడుగు రాపిడికి చిరిగి లోహానికి తగిలిందనుకోండి, నిరోధం దాదాపు సున్నా. అప్పుడు ఖాళీ ట్యాంకు కూడా నిండుగా కనిపిస్తుంది. భయపడవలసింది దీనికే.

మెకానిక్ దోషాన్ని ఇలా పట్టుకుంటాడు. తాళం తీసి, గేజ్ వెనుక ట్యాంకు నుంచి వచ్చే తీగను విప్పుతాడు. మళ్లీ తాళం వేస్తే ముల్లు ఖాళీకి పడాలి. ఆ చోటును ఎర్తుకు కలిపితే నిండుకు లేవాలి. రెండూ జరిగితే గేజ్ మంచిదే. తప్పు తీగలోనో, బెండులోనో ఉంది. ఈ పరీక్ష ట్యాంకు దగ్గర చేయకూడదు. పెట్రోలు ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు.

అన్నీ బాగున్నా ముల్లు మోసం చేయవచ్చు. బోటు అడుగుకు తగ్గట్టు కొన్ని ట్యాంకులు కిందికి సన్నబడి ఉంటాయి. అడ్డుకోత త్రిభుజమైతే, సగం ఎత్తు వరకు ఉన్న చమురు నాలుగో వంతే! అందుకే ట్యాంకులో బద్ద ముంచి చూసే పాత అలవాటును తీసిపారేయడానికి లేదు.

అలారం సంగతి మరో రకం. ఇంజను ఆగి ఉన్నప్పుడు ఆయిల్ ఒత్తిడి ఉండదు గనుక, చాలా బోట్లలో తాళం తిప్పగానే అది కూయాలి. ఇంజను అందుకోగానే ఆగాలి. తాళం తిప్పినా కూయకపోతే దాని తీగో, బజరో పాడైనట్టు. నడిచేటప్పుడు కూస్తే ముందు ఇంజను ఆపి ఆయిల్ చూడాలి, తీగల సంగతి తర్వాత. వేడి అలారం మోగితే? చాలా జెట్ బోట్లలో ఇంజనును చల్లబరిచే నీరు కూడా ఆ పంపు నుంచే వస్తుంది. మన కాలువల్లోని గుర్రపుడెక్క ఆ పంపు నోటికి అడ్డుపడితే చాలు, ఇంజను కాగిపోతుంది.

ఇంట్లో ఒక నమూనా చేయండి. రెండు టార్చి సెల్లులు, ఒక టార్చి బల్బు, రెండువైపులా చెక్కి సీసం బయటపెట్టిన పెన్సిలు ముక్క చాలు. (గోడ ప్లగ్గు జోలికి పోవద్దు.) పెన్సిలును నిలువుగా చీల్చి, సీసంపై ఒక తీగను కట్టి, రెండో తీగను దూరంగా జరుపుతూ పోండి. బల్బు మసకబారుతుంది, అది బెండు దిగడం. తీగను వెనక్కి తెచ్చి, దానికీ సీసానికీ మధ్య కాగితం ముక్క పెట్టండి. బల్బు ఆరిపోతుంది. మీ ట్యాంకు మాత్రం నిండుగానే ఉంది.