నిక్కరుకు 20 వేలా!

పేపర్లో టూర్ ది ఫ్రాన్స్ సైకిలు పందెం ఫొటో ఎప్పుడైనా చూశారా? పందెగాళ్లందరూ ఒంటికి అతుక్కుపోయిన రంగురంగుల జెర్సీలు, తొడల సగం దాకా వచ్చే నిక్కర్లు వేసుకుని ఉంటారు. నిక్కరు జారకుండా జెర్సీ లోపల భుజాల మీదుగా పట్టీలుంటాయి. అది యూరప్‌లో పేరున్న కంపెనీదైతే ఒక్క నిక్కరు ధర 200 యూరోలు దాటడం మామూలే. మన లెక్కలో సుమారు 20 వేల రూపాయలు. ఆ డబ్బుతో మన బజారులో గేర్ల సైకిలే కొనుక్కోవచ్చు.

ఈ మాట వినగానే రెండు అనుమానాలు రావాలి. ఆ గుడ్డలో నిజంగా అంత పనితనం ఉందా, లేక పేరుకే ఆ డబ్బంతానా? ఇది మొదటిది. అంత ధరకు అమ్మేవాళ్లు కోట్లు గడించాలి కదా, మరి వాళ్లలో కొందరు ఏళ్ల తరబడి నష్టాల్లో ఎందుకు ఉన్నారు? ఇది రెండోది. మొదటిదానికి భౌతికశాస్త్రం జవాబు చెబుతుంది. రెండోదానికి కొంచెం చరిత్ర కావాలి.

ఆరు బల్బుల వేడి

మనం తిన్న తిండి నుంచి వచ్చే శక్తిలో కండరాలు పెడళ్లకు చేర్చగలిగేది మహా అయితే నాలుగో వంతు. మిగతాదంతా వేడిగా మారిపోతుంది. బాగా తొక్కగలిగిన మనిషి పెడళ్ల మీద 200 వాట్ల సామర్థ్యం చూపిస్తున్నాడంటే, అతని ఒంట్లో మరో 600 వాట్ల వేడి పుడుతోందన్నమాట. కడుపులో 100 వాట్ల బల్బులు ఆరు వెలుగుతున్నట్టు! ఈ వేడి బయటికి పోకపోతే మనిషి నిలవడు.

గంటకు ఎంత వేడి అవుతుందో మీరే లెక్క కట్టండి. సెకనుకు 600 జౌళ్లు, గంటకు 3600 సెకన్లు. 21 లక్షల 60 వేల జౌళ్లు. ఒక లీటరు చెమట ఆవిరి కావడానికి సుమారు 24 లక్షల జౌళ్లు పడుతుంది. ఈ వేడిలో కొంత గాలి వల్ల నేరుగా పోతుంది. మొత్తం చెమట మీదే ఆధారపడితే మాత్రం గంటకు దాదాపు 900 మిల్లీలీటర్ల చెమట ఆవిరి కావాలి. ఆవిరి కావాలి అన్నానే గాని, కారాలి అనలేదు. చుక్కలుగా కిందపడిపోయిన చెమట చేసే మేలు దాదాపు ఏమీ లేదు.

ఇక్కడే బట్ట సంగతి వస్తుంది. నూలు పీచు నీటిని ఇష్టంగా పీల్చుకుని తనలోనే ఉంచుకుంటుంది. బజారుకు నింపాదిగా సైకిలు మీద వెళ్లొచ్చేవాడికి నూలు చొక్కాను మించిన హాయి లేదు. కాని నాలుగు గంటలు గట్టిగా తొక్కేవాడికి అదే చొక్కా తడిసి, బరువెక్కి, వీపుకు అంటుకుపోతుంది. పాలియెస్టర్ పీచు ఇందుకు వ్యతిరేకం. మామూలు గదిలో నూలు తన బరువులో 8 శాతం దాకా తేమను పట్టి ఉంచితే, పాలియెస్టర్ పట్టి ఉంచేది అర శాతం లోపే. మరి చెమటను ఎలా లాగుతుంది? కిరసనాయిలు దీపం వత్తిని గుర్తు తెచ్చుకోండి. వత్తిలో పోగుకీ పోగుకీ మధ్య ఉన్న సన్నని సందుల్లోంచి నూనె పైకి పాకుతుంది. జెర్సీలోనూ అదే జరుగుతుంది. చెమట పీచు లోపలికి పోకుండా పీచుల మధ్యనుంచి పాకి, బయటివైపు పలచగా పరుచుకుని, గాలికి ఆరిపోతుంది. దీన్నే కేశనాళికీయత అంటాం. మే నెలలో మచిలీపట్నంలో మాత్రం ఎంత ఖరీదైన జెర్సీ అయినా చేతులెత్తేస్తుంది. గాలిలోనే తేమ నిండి ఉంటే ఆవిరికి చోటెక్కడిది?

రెండో శత్రువు గాలి. సమతలంగా ఉన్న రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఎదురయ్యే నిరోధంలో 80 శాతానికి పైగా గాలిదే. అందులో ఎక్కువ భాగం సైకిలుకు కాదు, మనిషి ఒంటికి తగిలేది. రెపరెపలాడే చొక్కా ఆ భారాన్ని ఇంకా పెంచుతుంది. కాబట్టి బిగుతు బట్టలు షోకు కోసం పుట్టినవి కావు.

తోలు అతుకు, సాగే పోగు

1970ల దాకా పందెగాళ్లు ఉన్ని జెర్సీలు, ఉన్ని నిక్కర్లే వాడారు. ఉన్ని తక్కువదేమీ కాదు. మెరినో గొర్రె ఉన్ని పీచు పైపొర నీటిబొట్టును తోసేస్తుంది గాని, లోపలి భాగం ఆవిరిని పీల్చుకుంటుంది. తన బరువులో దాదాపు 30 శాతం తేమ పట్టినా తడిగా అనిపించదు. కాని వానలో తడిస్తే ఉన్ని నిక్కరు మోకాళ్ల దాకా వేలాడేది. కూర్చునే చోట షామీ తోలు అతుకు కుట్టేవారు. ఉతికి ఆరేస్తే అది అప్పడంలా గట్టిపడేది. మళ్లీ మెత్తబడేదాకా క్రీము రాసుకోవాల్సి వచ్చేది.

1958లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక సాగే పోగు తయారుచేశాడు. లైక్రా అన్న పేరుతో మనకు తెలిసింది అదే. దాని అణు గొలుసులో మెత్తటి తునకలు చుట్టలు చుట్టుకుని ఉంటాయి, గట్టి తునకలు వాటిని ముడివేసి పట్టుకుంటాయి. లాగితే చుట్టలు విడిపోతాయి, వదిలితే మళ్లీ చుట్టుకుంటాయి. అసలు పొడవుకు అయిదు రెట్లు సాగినా వెనక్కి వస్తుంది. 1970ల నడుమ స్విట్జర్లాండ్‌లో ఆసోస్, ఇటలీలో కాస్తెల్లి కంపెనీలు దీన్ని సైకిలు నిక్కర్లలోకి తెచ్చినవాళ్లలో ముందు వరసలో ఉన్నాయి.

తోలు స్థానంలో నురుగు ప్యాడ్ వచ్చింది. నన్నడిగితే ఖరీదైన నిక్కరులో అసలు ఖరీదైన వస్తువు ఇదే. సీటు మీద మన బరువు ముఖ్యంగా కటి ఎముకల రెండు మొనల మీద పడుతుంది. ఆ రెండు చోట్ల నురుగు చిక్కగా, మిగతాచోట పలచగా ఉండాలి. చవక నురుగు షాపులో నొక్కి చూస్తే దిండులా హాయిగా ఉంటుంది. గంటసేపు బరువు మోశాక దానిలోని గాలి గదులు అణిగిపోయి అట్టముక్క అవుతుంది. చిక్కటి నురుగు చేతికి గట్టిగా తగులుతుంది, కాని నాలుగో గంటలోనూ మోస్తుంది.

తేలు గుర్తు కథ

పనితనం ఉన్న కంపెనీ పడిపోదు అనుకుంటే పొరపాటు. మిలాన్ నగరంలోని ఒక పాత దర్జీ దుకాణం నుంచి వచ్చిన వంశం కాస్తెల్లిది. 1974లో మౌరిజియో కాస్తెల్లి తేలు గుర్తుతో సొంత పేరు మీద కంపెనీ పెట్టాడు. నిక్కర్లు నల్లగానే ఉండాలన్న నియమం ఉన్న రోజుల్లో, 1981 ఇటలీ పందెంలో తన జట్టుకు రంగు నిక్కర్లు తొడిగించాడు. జరిమానా పడింది, ఫొటోలు పత్రికలన్నిటికీ ఎక్కాయి. జరిమానా కన్నా ప్రచారమే లాభం. 1995లో ఆయన సైకిలు తొక్కుతూ గుండెపోటుతో చనిపోయాడు. నడిపించే మనిషి పోయాక కంపెనీ తడబడింది. చివరికి ఉత్తర ఇటలీ కొండల దగ్గరున్న ఒక కుటుంబ జౌళి సంస్థ దాన్ని తీసుకుంది.

ఆ తర్వాత ఏమైందో చూడండి. కొత్త యజమానులు జట్లతో కలిసి పనిచేసి, గాలినీ వాననూ ఆపే సాగే బట్టతో పొట్టి చేతుల జెర్సీ ఒకటి తయారుచేశారు. పేరు గాబా. 2013 మార్చి 17న మిలాన్ నుంచి సాన్‌రెమో పందెం మంచువానలో జరిగింది. చలి భరించలేక మధ్యలో పందెం ఆపి, కొంత దూరం బస్సుల్లో తీసుకుపోవాల్సి వచ్చింది. ఆ రోజు వేరే కంపెనీల దుస్తులు వేసుకోవాలని ఒప్పందం ఉన్న పందెగాళ్లు కూడా గాబా తొడుక్కుని, దాని మీది తేలు గుర్తును నల్లసిరాతో చెరిపేసి తొక్కారు. ఇంతకన్నా గట్టి యోగ్యతాపత్రం ఏ ప్రకటనా ఇవ్వలేదు.

పేరుకు పెరిగిన ధర

లండన్‌కు చెందిన రాఫాది మరో దారి. సైమన్ మాట్రమ్ దాన్ని 2004లో మొదలుపెట్టాడు. పేరు ఫ్రాన్సులోని సెయింట్ రాఫేల్ అనే మద్యం కంపెనీ పోషించిన పాతకాలపు సైకిలు జట్టుది. సైకిళ్లతో సంబంధంలేని కంపెనీల పేర్లు జెర్సీల మీద కూడదన్న రోజుల్లో, రఫాయేల్ జెమినియాని అనే పందెగాడు “రాఫా అంటే నా పేరే” అని వాదించి గట్టెక్కాడని చెబుతారు.

రాఫా మొదటి జెర్సీ ఒంటివైపు మెరినో ఉన్ని, బయట పాలియెస్టర్ కలిపిన స్పోర్ట్‌వుల్ బట్టతో కుట్టినది. బొమ్మలూ ప్రకటనలూ లేకుండా, నల్లగా, చేతికి ఒక తెల్లపట్టీతో హుందాగా ఉండేది. ఆఫీసు ఉద్యోగాల్లో స్థిరపడి నడివయసులో సైకిలెక్కిన ఇంగ్లీషువాళ్లకు అది తెగ నచ్చింది. 2013 నుంచి 2016 దాకా టీమ్ స్కై జట్టుకు దుస్తులిచ్చింది. 2017లో వాల్‌మార్ట్ స్థాపకుడు శామ్ వాల్టన్ మనుమలు స్టువర్ట్, టామ్‌ల పెట్టుబడి సంస్థ దాన్ని కొనేసింది. ధర సుమారు 20 కోట్ల పౌండ్లని పత్రికలు రాశాయి. ఆ తరువాత వరసగా నష్టాలు. 2021లో మాట్రమ్ నిర్వహణ బాధ్యత వదులుకున్నాడు.

పాత కొనుగోలుదార్లు “మునుపటి నాణ్యత లేదు” అంటుంటారు. ఇందులో నిజమెంత? కొంత ఉంది. పందెం కోసం కుట్టే కొత్త జెర్సీలు పలచన. పలచనిది తొందరగా ఆరుతుంది, తొందరగా చిరుగుతుంది. దీన్ని నాణ్యత తగ్గడం అనాలా, మన్నికను ఇచ్చి తేలికదనం కొనుక్కోవడం అనాలా? రెండోదే సరైనదనుకుంటాను, ధర తగ్గించలేదన్న ఫిర్యాదు మాత్రం న్యాయమే. ఇంకో చిక్కు కూడా ఉంది. పదిహేనేళ్ల నాటి జెర్సీ ఇంకా బాగుందని చూపించేవాడి దగ్గర మిగిలింది ఆ ఒక్కటే. అప్పుడే చిరిగి మసిగుడ్డలైనవి ఎవరికీ గుర్తుండవు. బతికి ఉన్నవాటినే లెక్కపెట్టే ఈ పొరపాటు గణాంకశాస్త్రంలో పేరున్నదే.

నష్టాలకు మాత్రం కుట్టుతో పెద్ద సంబంధం లేదు. 2020లో కరోనా లాక్‌డౌన్ల వేళ జనం సైకిళ్ల మీద పడ్డారు. దుకాణాల్లో సరుకు నిండుకుంది. గుడ్డ నేయించి, కుట్టించి, ఓడల్లో తెప్పించాలంటే నెలలు ముందుగా ఆర్డరు పెట్టాలి. అందరూ పెద్ద ఆర్డర్లే పెట్టారు. సరుకు చేరేసరికి మోజు తగ్గింది. 2023లో బ్రిటన్‌లో ఇంటర్నెట్ ద్వారా సైకిలు సామాన్లమ్మే పెద్ద సంస్థ విగిల్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. గోదాములు ఖాళీ చేయడానికి అందరూ తగ్గింపు ధరలకు దిగారు. సగం ధరకు ఒకసారి కొన్నవాడు మళ్లీ పూర్తి ధర పెట్టడు కదా! 2012 నుంచి 2021 దాకా టూర్ ది ఫ్రాన్స్ పసుపు జెర్సీ కుట్టిన ఫ్రెంచి కంపెనీ లె కోక్ స్పోర్తిఫ్ కూడా 2024 నవంబరులో కోర్టు రక్షణ కోరాల్సి వచ్చింది.

వానకోటు ఎందుకు మారింది?

నాణ్యత నిజంగానే తగ్గిన వస్తువు ఒకటుంది. అదీ మంచికే తగ్గింది. 1969లో బాబ్ గోర్ టెఫ్లాన్‌ను ఒక్కసారిగా లాగితే అసంఖ్యాకమైన సూక్ష్మ రంధ్రాలతో పొరలా సాగుతుందని కనిపెట్టాడు. ఆ రంధ్రాల్లో నీటిబొట్టు పట్టదు, నీటి ఆవిరి అణువు సులువుగా దూరిపోతుంది. వాన లోపలికి రాదు, చెమట ఆవిరి బయటికి పోతుంది. అయితే పొర పైన ఉన్న గుడ్డ తడిసి నీరు పట్టిందంటే ఆవిరికి దారి మూసుకుపోతుంది. లోపల చెమట పేరుకుంటుంది. తొడుక్కున్నవాడు కోటు కారుతోందనుకుంటాడు. అందుకే పైగుడ్డకు నీటిని ముత్యాల్లా జార్చే ఫ్లోరిన్ సమ్మేళనాల పూత వేసేవారు.

కార్బన్, ఫ్లోరిన్‌ల బంధం చాలా గట్టిది. పూత బాగా పనిచేయడానికీ, ఆ రసాయనాలు మట్టిలో, నీళ్లలో, మన రక్తంలో నశించకుండా ఉండిపోవడానికీ కారణం అదే. వీటిలో పీఎఫ్‌ఓఏ అనేది మనుషుల్లో క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2023లో తేల్చింది. కాలిఫోర్నియా 2025 జనవరి నుంచి, ఫ్రాన్స్ 2026 జనవరి నుంచి, కొన్ని మినహాయింపులతో, దుస్తుల్లో ఈ కుటుంబం రసాయనాలకు అడ్డుకట్ట వేశాయి. కొత్త పూతలు నీటిని ఆపుతాయి, నూనెను ఆపలేవు. ఒంటి జిడ్డు, గొలుసు గ్రీజు అంటిన చోటల్లా నీరు పట్టేస్తుంది. కాబట్టి కొత్త కోట్లను పాతవాటికన్నా తరచుగా ఉతకాలి.

తిరగేసి చూడండి

ఇటలీలో ఒకే ప్యాడ్ కంపెనీ ఎన్నో బ్రాండ్లకు ప్యాడ్లు అమ్ముతుంది. సాగే గుడ్డ నేసే మిల్లులదీ అదే కథ. కాబట్టి రెండు పేర్ల నిక్కర్లలో ఒకే గుడ్డ, ఒకే ప్యాడ్ ఉండవచ్చు. తేడా వచ్చేది కత్తిరింపులో, కుట్టులో, అమ్మాక పట్టించుకోవడంలో. రాఫా పడి చిరిగిన దుస్తులను ఉచితంగా బాగుచేసి ఇస్తుంది, ఇది పేరుకు ఇచ్చే డబ్బులో కొంతైనా తిరిగొచ్చే చోటు. ఏ నిక్కరునైనా తిరగేసి చూడండి. తొడల లోపలివైపు కుట్లు ఉబ్బెత్తుగా ఉంటే అవే రాసుకుంటాయి. గుడ్డను రెండు చేతులా సాగదీసి వెలుతురుకు పట్టండి. అవతలి వస్తువులు కనిపిస్తే అది కొత్తదైనా వద్దు.

సాగే పోగుకు వేడి, క్లోరిన్, ఎండ మూడూ పడవు. వేడినీళ్లలో నానబెట్టి, బ్లీచింగ్ వేసి, డాబా మీద మే ఎండలో ఆరేస్తే 2 వేల నిక్కరుకూ 20 వేల నిక్కరుకూ ఒకటే గతి. పోగులు ఒక్కొక్కటే తెగి, కూర్చునే చోట గుడ్డ పలచబడుతుంది. తొడుక్కున్నాయనకు ఆ సంగతి తెలియదు. వెనక సైకిలు మీద వచ్చేవాడికే ముందు తెలుస్తుంది.