ముందు షాకులో ఏ ఆయిలు? బండి సామానులో ఎక్కడ పొదుపు?

పరకాల: ఒకప్పుడు ఎడ్లబండి చేసిన చాకిరీ ఇప్పుడు పల్లెల్లో మోటారు సైకిలు చేస్తున్నది. యూరియా బస్తా, పాల క్యాన్లు, మందు కొట్టే పంపు, బడికి పోయే పిల్లలు అన్నీ దాని మీదనే. పత్తి చేను దారిలో నల్లరేగడి బురద తొక్కి భూపాలపల్లి రోడ్డెక్కితే పక్కనే బొగ్గు లారీలు. ఇంత బరువును, ఇన్ని గుంతలను ఓర్చుకునేవి ముందున్న రెండు షాకు పైపులు, వెనుకనున్న రెండు స్ప్రింగులు. ఇంజన్ ఆయిలును వేళకు మార్చే ఆసామి కూడా, ముందు పైపుల్లో వేరే ఆయిలు ఉంటుందన్న సంగతి తెలియక ఏండ్ల తరబడి బండి నడిపిస్తున్నాడు.

ఆ నిర్లక్ష్యానికి ఫలితం కేవలం నడుము నొప్పి కాదు. ఆయిలు పలుచబడి, తగ్గిపోయిన బండి బ్రేకు పట్టగానే ముందుకు ముక్కు పొడుస్తుంది. గుంతలో పడి లేచాక చక్రం నేలను గట్టిగా అంటుకోక గెంతుతుంది. గెంతే చక్రానికి బ్రేకు పట్టదు. డిస్కు బ్రేకున్న బండిలో సీలు పోయి ఆయిలు కారితే అది పైపు వెంట దిగి డిస్కు మీద పడవచ్చు. రాత్రి పూట, వెనుక ఇల్లాలు, మధ్యలో పసిపిల్ల కూర్చున్నప్పుడు ఎదురుగా లారీ వస్తే ఆ చెంచాడు ఆయిలు ఎంత పని చేస్తుందో చెప్పనక్కరలేదు.

స్ప్రింగు ఒక్కటే చాలదు

ముందు షాకు అంటే చాలామంది స్ప్రింగే అనుకుంటారు. స్ప్రింగు దెబ్బను మింగుతుంది, వెంటనే అంతే బలంతో పైకి విసురుతుంది. ఆ విసురును ఆపేది ఆయిలు. పైపు కిందికి దిగినప్పుడు, పైకి లేచినప్పుడు ఆయిలు సన్నని రంధ్రాల గుండా దూరి పోవలసి ఉంటుంది. ఆ ఇరుకులో దెబ్బ బలం వేడిగా మారి పోతుంది. ఆయిలు సరిగా ఉంటే బండి ఒకసారి దిగి, లేచి, నిలబడుతుంది. లేకపోతే ఊయల ఊగుతుంది.

ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. ముందు బ్రేకు పట్టి హ్యాండిలును గట్టిగా కిందికి నొక్కి వదలాలి. రెండు మూడుసార్లు ఊగినా, అడుగున టక్కుమని ఇనుము తగిలినా ఆయిలు పని అయిపోయినట్లే. మెరిసే పైపు మీద వేలు పెట్టి రాస్తే జిడ్డుతో మట్టి అంటుకుంటే సీలు కారుతున్నట్లు లెక్క.

చిక్కనిది పోస్తే బలమా?

బరువు ఎక్కువ మోస్తాం కాబట్టి చిక్కని ఆయిలు పోయమనేవారు ఎక్కువ. కొన్నిచోట్ల మిగిలిన ఇంజన్ ఆయిలునే పోసి పంపిస్తుంటారు. ఇది సరికాదు. ఇంజన్ ఆయిలు చాలా చిక్కన. సన్నని రంధ్రాల్లో తొందరగా కదలదు. వరుస గుంతల్లో షాకు దిగినది లేచేలోపే మరో గుంత వస్తుంది. చేతులకు, భుజాలకు దెబ్బ నేరుగా తగులుతుంది. పైగా షాకులో ఆయిలు నిమిషానికి ఎన్నోసార్లు చిలకబడుతుంది. నురుగు రాకుండా ఉండే గుణం దానికి కావాలి. షాకు ఆయిలును ఆ పనికనే తయారు చేస్తారు.

డబ్బా మీద 5డబ్ల్యు, 10డబ్ల్యు, 15డబ్ల్యు, 20డబ్ల్యు అని ఉంటుంది. అంకె పెరిగితే చిక్కదనం పెరుగుతుంది. అయితే ఒక కంపెనీ 10 మరొక కంపెనీ 10తో సరిగ్గా సమానం కాకపోవచ్చు. అందుచేత రెండు రకాలు కలపరాదు. బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ నంబరు, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి అన్నది ఉంటుంది. పుస్తకం పోయి ఉంటే అదే కంపెనీ సర్వీసు కేంద్రంలో అడిగి కాగితం మీద రాయించుకోవడం మంచిది. బరువు కోసం సర్దవలసింది ఆయిలు కాదు, వెనుక షాకు కింది మెట్లు. బస్తాలు వేసే రోజున మెట్టు పెంచి, ఖాళీగా తిరిగేటప్పుడు దించుకోవాలి.

కొలత కూడా ముఖ్యం. రెండు పైపుల్లోనూ ఒకే కొలత పడాలి. అందాజుగా పోస్తే ఒకటి మెత్తగా, ఒకటి గట్టిగా పనిచేసి బండి ఒక పక్కకు లాగుతుంది. ఎక్కువ పోస్తే లోపలి గాలి ఇరుకై సీలును తన్నేస్తుంది. పాత ఆయిలును పూర్తిగా వంచి, పైపును పలుమార్లు ఆడించి, కొత్తది కొలపాత్రతో పోయించుకోవాలి. పక్కన నిలబడి చూసినా మెకానిక్కుకు కోపం రాదు.

సరదా కోసం రేడియో సంకేతాలతో నడిపే మూరెడు బొమ్మ కార్లకూ ఇదే సూత్రం. వాటి నాలుగు చక్రాలకూ చిటికెన వేలంత షాకులుంటాయి. వాటిలో సిలికాన్ ఆయిలు పోస్తారు. గతుకుల నేలకు పలుచనిది, ఎండ మండే రోజున కొంచెం చిక్కనిది అని పందెగాళ్లు నంబర్లు ఎంచి మరీ మారుస్తారు. బొమ్మకే అంత చూపు ఉంటే, ఇంటిల్లిపాదినీ మోసే బండికి పుస్తకం తిరగేయడం పెద్ద పని కాదు.

పైసలు మిగలవలసిన చోటు

అన్ని సామాన్లూ కంపెనీవే కొనాలంటే సామాన్యునికి భారమే. అద్దాలు, మడ్‌గార్డు, సీటు కవరు, కాలు పెట్టే రబ్బర్లు, చేతి గ్రిప్పులు లోకల్‌వి వేసినా ప్రాణానికి ముప్పు లేదు. బ్రేకు షూలు, చక్రం బేరింగులు, హ్యాండిలు కోన్ సెట్, షాకు సీళ్లు, బ్రేకు తీగల విషయంలో మాత్రం చవకను చూడరాదు. లోకల్ సీలు నాలుగు నెలల్లో కారితే ఆయిలు, కూలీ మళ్లీ పెట్టవలసి వస్తుంది. రెండు సీళ్ల ధర కన్నా కూలీయే ఎక్కువ కాబట్టి, పైపు విప్పిన రోజునే సీళ్లు, దుమ్ము రబ్బర్లు రెండు వైపులా మార్చుకోవడం లాభం.

మాములు బండ్ల వెనుక షాకుల్లో ఆయిలు మార్చే వీలు ఉండదు. అవి మూసి ఉంటాయి. కారితే జతగా మార్చవలసిందే. ఒకటే మారిస్తే బండి వంకర నడక నడుస్తుంది. ప్రమాదంలో వంగిన ముందు పైపును కొట్టి సరిచేయించడం అన్నిటికన్నా చెడ్డ పొదుపు. ఇనుము ఒకసారి వంగిన చోటనే మళ్లీ వంగుతుంది. డిస్కు ప్యాడ్లకు ఆయిలు అంటుకుంటే తుడిచి వాడరాదు, కొత్తవి వేయించాలి.

బిల్లు అడగాలి

నకిలీ సామానును ప్యాకెట్టు చూసి పోల్చవచ్చు. అచ్చు మసకగా ఉండడం, గరిష్ఠ ధర, తయారైన నెల, కంపెనీ చిరునామా లేకపోవడం అనుమానానికి గుర్తులు. మోటారు సైకిలు సామాను మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి తగ్గింది. తగ్గిన ధర తమకు అందిందా లేదా అన్నది బిల్లు ఉంటేనే తెలుస్తుంది. బిల్లు మీద సామాను పేరు, నంబరు రాయించుకోవాలి. దుకాణదారు మోసం చేస్తే 1915 నంబరుకు ఫోన్ చేసి చెప్పవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేండ్లలోపు వెళ్లవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు.

పత్తి చేలలో తిరిగి వచ్చిన నాడు మెరిసే పైపు మీద ఎండిన మట్టిని గోటితోనో చీపురు పుల్లతోనో గీకరాదు. గీత పడితే సీలు కోసుకుపోతుంది. నీళ్లతో నానబెట్టి తడిగుడ్డతో తుడవాలి. వంచిన పాత ఆయిలును బావి గట్టునా, కాలువలోనా పారబోయకుండా వర్క్‌షాపు డ్రమ్ములోనే పోయించాలి.