గుప్పెడు బియ్యం, చెవి కమ్మలు, పాస్టరు గారి కారు

డోర్నకల్ నుంచి ఇల్లందు, కొత్తగూడెం మీదుగా భద్రాచలం అడవి అంచు దాకా ఉన్న మాదిగవాడల్లో, మాలపల్లెల్లో ఆదివారం పూట రెండు మాటలు వింటుంటాం. మిరప తోటల్లో కూలి చేసి, ఏళ్ల తరబడి కూడబెట్టి చెవులకు కమ్మలు కొనుక్కున్న అక్కతో ‘లోకాశలు వదులుకోమ్మా’ అంటారు. కొత్త కారు దిగిన సేవకుణ్ణి చూపించి ‘దేవుడు ఎంతగా ఆశీర్వదించాడో చూడండి’ అంటారు. రెండింటికీ చూపించే గ్రంథం ఒకటే. కమ్మలు లోకాశ అయితే కారు దీవెన ఎట్లయింది? ఇట్లా అడిగిన పిల్లలకు ‘విశ్వాసం చల్లారింది’ అనే ముద్ర పడుతోంది. ఇది అడగవలసిన ప్రశ్నే అని మేము అనుకుంటున్నాం. ఎందుకంటే ఇది కమ్మల గురించీ కారు గురించీ మాత్రమే కాదు. పేదరికాన్ని ఎవరు ఎంచుకున్నారు, ఎవరి మీద రుద్దారు అన్నదే ఇక్కడ అసలు సంగతి.

బైబిలు ఏం చెబుతోంది?

బైబిలు సంపద గురించి ఒకే గొంతుతో మాట్లాడదు. అబ్రాహాము మందలనూ వెండి బంగారాలనూ దీవెనగా చెప్పే పాత నిబంధనలోనే, పేదలను నలగగొట్టి దంతపు మంచాల మీద పడుకునేవారిని ఆమోసు ప్రవక్త నిలదీస్తాడు. కొత్త నిబంధనలో లూకా సువార్త మరీ పదునైనది. అందులో పేదలు ధన్యులు, ధనవంతులకు శ్రమ. ధనవంతుడు రోజూ విందులు చేసుకుంటుంటే, లాజరు అతని గుమ్మం ముందే పుండ్లతో పడి ఉంటాడు. జక్కయ్య మాత్రం తన ఆస్తిలో సగం బీదలకిచ్చి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానంటాడు. యాకోబు పత్రిక, పొలం కోసిన కూలీల కూలి ఎగ్గొట్టిన ఆసాములను ఉతికి ఆరేస్తుంది.

ఇవన్నీ కలిపి చదివితే, ఆ గ్రంథం వస్తువును మాత్రమే చూడటం లేదని తెలుస్తుంది. అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి కూలి తిని వచ్చింది, గుమ్మం ముందు ఎవరు పడి ఉన్నారు అని అడుగుతోంది.

సంఘం నడిచిన దారులు

ఇటలీలో 13వ శతాబ్దంలో వ్యాపారి కొడుకైన అస్సీసీ ఫ్రాన్సిస్ తండ్రి ఆస్తిని వదిలి బీదవాడిగా బతికాడు. 18వ శతాబ్దంలో జాన్ వెస్లీ, నిజాయితీగా సంపాదించు, పొదుపు చెయ్యి, మిగిలినదంతా పంచు అని బోధించాడు. 1965లో రెండో వాటికన్ మహాసభ ముగుస్తున్న రోజుల్లో కొందరు కేథలిక్ బిషప్పులు రోములోని భూగర్భ సమాధుల చర్చిలో కలిసి, ఆడంబరాలు వదిలి పేదల్లా బతుకుతామని ఒప్పందం రాసుకున్నారు. 1980లో ఇంగ్లండులోని హోడెస్డన్‌లో సువార్త సంఘాల వారు నిరాడంబర జీవితం మీద అంతర్జాతీయ సమావేశం జరిపి ఒక ప్రకటన ఇచ్చారు. తమకు తాము కోరుకోని పేదరికం దేవుని మంచితనానికే విరుద్ధమని అందులో స్పష్టంగా చెప్పారు.

దీనికి ఎదురుగా, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో బలపడిన సమృద్ధి సువార్త ఉంది. విశ్వాసం ఉంటే డబ్బు వస్తుంది, కానుక విత్తనమైతే సంపద పంట అని అది చెబుతుంది. టీవీలు, ఫోన్ల ద్వారా అది మన గూడేలకూ చేరింది. ఈ లెక్క ప్రకారం పేదవాడు పేదగా ఉండటానికి అతని అవిశ్వాసమే కారణం. భూమి లేకపోవడం, కులం, కూలి రేటు అన్నీ ఆ లెక్కలో మాయమైపోతాయి.

మన నేల మీద జరిగింది

ఈ చర్చ మనకు పై నుంచి ఊడిపడింది కాదు. 1860లలో గోదావరి పడవ మార్గం పనులు చేయించిన ఇంజినీరు హేగ్ చొరవతో దుమ్ముగూడెంలో కోయల మధ్య మిషన్ మొదలైంది. తర్వాత జాన్ కెయిన్ అక్కడ ఏళ్ల తరబడి పనిచేశాడు. కోయ భాషలోకి వెళ్లిన తొలి బైబిలు భాగాల్లో, పేదల పక్షం వహించే ఆ లూకా సువార్త ఉంది.

డోర్నకల్ కథ ఇంకా పెద్దది. 1909లో తమిళనాడు నుంచి మిషనరీగా వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబర్ 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యాడు. 1910 ఎడింబరో మహాసభలో, దొరలు మాకు ఎన్నో ఇచ్చారు గానీ స్నేహం ఇవ్వలేదన్న అర్థంలో మాట్లాడి సభను ఉలిక్కిపడేలా చేసినవాడు ఆయనే. బంగళాకూ గుడిసెకూ మధ్య దూరం ఉన్నచోట సువార్త కుంటుతుందని ఆయనకు తెలుసు. ఆయన సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగలు. సంఘం పరాయి దేశపు డబ్బు మీద కాక తన కాళ్ల మీద నిలబడాలన్నది ఆయన పట్టుదల. క్రైస్తవులు ఇవ్వడం గురించి ఒక పుస్తకమే రాశాడు. వంటకు ఎసరు పెట్టేటప్పుడు గుప్పెడు బియ్యం తీసి సంఘం కోసం దాచే అలవాటు తెలుగు సంఘాల్లో నేటికీ ఉంది.

1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్‌లో గుడి, మసీదుల శైలి కలగలిసి కనిపిస్తుంది. అంత పెద్ద కట్టడం పేదలకు విలాసమా? మేము కాదంటాం. ఊరి గుడి గడప తొక్కనివ్వని మనుషులకు, తలెత్తి నడిచి వెళ్లగలిగిన ఒక పెద్ద వాకిలి దొరికింది. అందరిదైన గొప్పతనం వేరు, ఒక్కడి వాకిట్లో నిలబడ్డ గొప్పతనం వేరు.

మన ఒంటి మీది బంగారం

నిరాడంబరత గురించి దళితులకు చెప్పేముందు ఒక చరిత్ర గుర్తుంచుకోవాలి. శూద్రుడు శక్తి ఉన్నా ధనం కూడబెట్టకూడదని, చండాలురు ఇనుప నగలు పెట్టుకోవాలని మనుస్మృతి శాసించింది. 1927 డిసెంబర్ 25న మహద్‌లో దాన్ని తగలబెట్టించిన అంబేడ్కర్, ఆ సమావేశాలలోనే మహిళలతో మాట్లాడుతూ, అంటరానితనాన్ని పట్టించే కట్టూ నగలూ వదిలేసి శుభ్రంగా, గౌరవంగా కనిపించాలని చెప్పాడు. ఆయన సూటు వేసుకున్నది ఆడంబరానికి కాదు. 1991లో చుండూరులో సినిమా హాల్లో దళిత యువకుడి కాలు తగిలిందన్న గొడవ, నెల తిరిగేసరికి ఆగస్టు 6న ఊచకోతగా మారింది. దళితుడు పక్క సీట్లో కూర్చోవడమే ఓర్వలేని సమాజం ఇది.

కాబట్టి ఉన్నవాడు వదులుకుంటే అది నిరాడంబరత. లేనివాణ్ణి లేనట్టే ఉండమంటే అది కులధర్మానికి కొత్త పేరు. అక్క చెవి కమ్మలు ఆమె చెమట. ఆపద వస్తే తాకట్టు పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లే బ్యాంకు కూడా అవే. అడవి లోపలి కోయ గూడేనికి రోడ్డు, డాక్టరు లేకపోవడాన్ని ‘ఎంత సాదా బతుకో’ అని మెచ్చుకోవడం కూడా ఇలాంటి మోసమే.

పదో వంతు ఎవరిది?

నెలకు 10,000 వచ్చే ఇంట్లో పదో వంతు అంటే 1,000 రూపాయలు. అది పిల్లల తిండిలోంచి పోతుంది. లక్ష వచ్చే ఇంట్లో 10,000 పోయినా పొయ్యి ఆరదు. ద్వితీయోపదేశకాండం ప్రకారం మూడేళ్లకోసారి ఆ పదో వంతు ఊళ్లోనే ఉంచాలి. లేవీయులతో పాటు పరదేశులు, తండ్రి లేనివారు, విధవరాళ్లు దాన్ని తృప్తిగా తినాలి. ఈ భాగం ప్రసంగాల్లో అరుదుగా వినపడుతుంది. రెండు కాసులు వేసిన విధవరాలి కథ మాత్రం తరచూ వింటాం. మార్కు సువార్తలో ఆ కథకు సరిగ్గా ముందే, విధవరాళ్ల ఇళ్లు దిగమింగే మతపెద్దల మీద యేసు విరుచుకుపడతాడు. రెండూ కలిపి చదవాలి.

ఇక్కడ చట్టం కూడా తోడవుతోంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన మాదిగకు, మాలకు ఎస్సీ హోదా లేదు. వారిని బీసీ–సీలో చేర్చి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. కోయ క్రైస్తవుడికి మాత్రం మతం వల్ల ఎస్టీ హోదా పోదు. ఏజెన్సీలో 1/70 చట్టం గిరిజనేతరుల చేతికి భూమి వెళ్లకుండా కాపాడుతోంది. గిరిజనేతరుడైన పాస్టరుకూ అందులో మినహాయింపు లేదు, ఉండకూడదు కూడా. భూమి లేక, హోదా లేక మిగిలిన దళిత క్రైస్తవుడికి తనదని చెప్పుకోవడానికి ఉన్న ఒకే ఉమ్మడి ఆస్తి సంఘం. ఆ సంఘం సొమ్ము ఒక్కరి విలాసమైతే పోయేది ఆ చివరి ఆసరానే.

అలాగని కారు కనిపించిన ప్రతి సేవకుడూ దొంగ కాదు. బస్సు పోని గూడేనికి రాత్రిపూట రోగిని మోసుకొచ్చే బండి విలాసం కాదు. అందుకే మన విద్యార్థులు, కార్యకర్తలు తమ సంఘంలో మూడు విషయాలు అడగాలి. కానుకల లెక్క అందరి ముందూ చదువుతున్నారా? అందులోంచి చదువుకూ వైద్యానికీ ఎంత వెళ్తోంది? ఆ వస్తువు కష్టంలో ఉన్నవాడికి కూడా పనికొస్తోందా?

గుప్పెడు బియ్యం తీసి పెట్టిన చేతికి, ఆ బియ్యం ఎటు పోయాయో అడిగే హక్కు ఉంది.