చేతులు మారిన బ్యాగు: తోలును చూసే తీరు

వాడిన ఖరీదైన హ్యాండ్‌బ్యాగులో తోలుకు జరిగే నష్టం రెండు రకాలు. గీతలు, మెరుపు తగ్గడం, పలచటి మరకలు పైపూత దగ్గరే ఆగిపోతాయి. వాటిని చాలావరకు బాగుచేయించుకోవచ్చు. రెండో రకం తోలు లోపలి పోగుల దాకా దిగుతుంది. దాన్ని కప్పిపుచ్చగలరు తప్ప పూర్వస్థితికి తేలేరు. బ్యాగు కొనేవారు తేల్చుకోవాల్సింది నష్టం ఈ రెండింటిలో ఏదన్నదే. అమ్మేవారు రాసే ‘ఎక్సలెంట్’, ‘వెరీ గుడ్’ మాటల మీద ఆధారపడటం మంచిది కాదు. వాటికి అందరూ ఒప్పుకున్న కొలమానం లేదు.

ముందుగా అది ఏ తోలో తెలియాలి. తోలును పదును చేసే పద్ధతులు ప్రధానంగా రెండు. ఒకటి క్రోమియం లవణాలతో చేసేది, రెండోది చెట్ల బెరడులో ఉండే వగరు పదార్థం టానిన్‌తో చేసేది. దక్షిణాదిలో తోళ్ల పనికి తంగేడు చెక్కను వాడింది ఈ టానిన్ కోసమే. లూయీ విట్టాన్ మోనోగ్రామ్ బ్యాగుల్లో పట్టీలు, హ్యాండిళ్లు చాలావరకు ఇలా బెరడుతో పదును చేసిన ‘వాచెట్టా’ ఆవుతోలు. అక్షరాలు, పూలు అచ్చువేసిన మిగతా భాగం అసలు తోలే కాదు, పూత పూసిన కాన్వాసు గుడ్డ. వాచెట్టాకు రక్షణ పూత దాదాపు ఉండదు. కొత్తలో లేత గోధుమ రంగులో ఉండి, ఎండా చేతి జిడ్డూ తగిలేకొద్దీ తేనె రంగుకు తిరుగుతుంది. ఆ రంగు అంతటా సమంగా ఉంటే లోపం కాదు. అలాంటి బ్యాగులనే ఇష్టపడి కొనేవారున్నారు. చేయి పట్టేచోట మాత్రం నల్లగా జిడ్డుదేరినా, నీటిచుక్కల మచ్చలు గట్టిపడినా అవి పూర్తిగా పోవడం కష్టం. బ్యాగు పాతదై పట్టీలు మాత్రం పాలిపోయినట్టు కొత్తగా ఉంటే, వాటిని మార్చి ఉండవచ్చు. మార్చింది కంపెనీయా, బయటివారా అని రసీదు అడిగి చూడాలి.

షనెల్ బ్యాగుల్లో గొర్రెపిల్ల తోలు ఎంతో మెత్తన, గోరు గీసుకున్నా జాడ మిగులుతుంది. ‘కేవియర్’ అని పిలిచే, పైన గింజలు తేలిన దూడతోలు గీతలను బాగా ఓర్చుకుంటుంది. హెర్మెస్ వాడే క్లెమాన్స్ తోలు బరువైనది, మెత్తనిది. వాడుతుంటే బ్యాగు కాస్త వాలడం దాని స్వభావం. గింజలను అచ్చువేసిన ఎప్సమ్ తోలు బిగువుగా నిలుస్తుంది కాబట్టి, అది వాలిపోయి ఉంటే అనుమానించాల్సిందే.

అరుగుదల మొదట బయటపడేది అడుగు మూలల్లో. నాలుగు మూలలనూ వేలితో తడిమి చూడాలి. రంగు మాత్రమే పోయి తోలు నున్నగా తగిలితే నష్టం పైపైనే. నూగులా గరుకుగా తగిలితే పైపొర అరిగి పోగులు బయటికొచ్చాయని అర్థం. తర్వాత మూత మడతపడేచోటు, హ్యాండిల్ మొదళ్లు, అంచులకు పూసిన రంగు చూడాలి. అంచు రంగు పెచ్చులూడితే మళ్లీ పూయించవచ్చు.

అన్నిటికంటే శ్రద్ధగా గమనించాల్సింది ముడతకూ పగులుకూ ఉన్న తేడా. తోలు తయారీలో పోగుల మధ్య నూనె పట్టిస్తారు. ఎండ, వేడి, పొడి గాలి ఏళ్ల తరబడి ఆ నూనెను తగ్గించేస్తే, పోగులు ఒకదానిపై ఒకటి జారలేక, వంగినప్పుడు తెగుతాయి. ముడత పడినచోట నెమ్మదిగా వంచితే, ముడతలో పైపొర తెగకుండా ఉంటుంది. పగులైతే నోరు తెరుచుకుని లోపలి రంగు కనిపిస్తుంది. అప్పుడు ఎంత కండిషనర్ రాసినా అది అతకదు. బెరడుతో పదును చేసిన చాలా పాత తోలు ముట్టుకుంటే ఎర్రటి పొడి రాలడం ఇంకా తీవ్రమైన దశ. ఆమ్లాల వల్ల తోలే శిథిలమైపోతోందన్నమాట. దాన్ని వదిలేయడమే మేలు.

పగుళ్లనూ మూలలనూ కప్పడానికి కొందరు మళ్లీ రంగు వేయిస్తారు. చెప్పి అమ్మితే తప్పులేదు, చెప్పకపోతే మోసం. దాన్ని పట్టిచ్చేది కుట్టు దారం. తోలుకు వేరే రంగు దారంతో కుట్టిన బ్యాగులో దారానికీ తోలు రంగే అంటుకుని ఉంటుంది. లోహపు బిళ్లల అంచుల్లో రంగు మరకలు, పూడుకుపోయిన గింజలు, పెయింటు వాసన కూడా అలాంటి గుర్తులే. అమ్మేవారు ఒప్పుకుంటే తెల్లటి పొడిగుడ్డతో కనిపించని మూల ఒకసారి రుద్ది, రంగు అంటుతుందేమో చూడవచ్చు. బయట రంగు వేయించిన బ్యాగును ఆ తర్వాత కంపెనీ మరమ్మతుకు తీసుకోకపోవచ్చు.

వాసనను ఫొటో చూపించలేదు. విశాఖపట్నం, చెన్నై వంటి తీరప్రాంతాల తేమలో బీరువాలో మూసిపెట్టిన బ్యాగుకు బూజు పట్టడం మామూలే. పైన తుడిచేసినా లోపలి గుడ్డలో, జేబు కుట్లలో ఆ ముక్క వాసన నిలుస్తుంది. కలరా ఉండల ఘాటు, అత్తరు వాసన మరీ ఎక్కువగా ఉంటే దేన్నో కప్పుతున్నారేమో అనుకోవాలి. కొన్ని పాత బ్యాగుల లోపలి కృత్రిమ పూత వేడికీ తేమకూ జిగటగా మారి ఊడిపోతుంది. బయటి తోలు బాగున్నా సరే, జేబుల్లో చేయిపెట్టి చూడాలి.

2025 జూలైలో నటి, గాయని జేన్ బర్కిన్ సొంత హెర్మెస్ బ్యాగు, గీతలూ మరకలతో బాగా నలిగిపోయినది, పారిస్‌లో సదబీస్ వేలంలో 86 లక్షల యూరోలు పలికింది. అది ఆమె పేరుకు వచ్చిన ధర. మామూలు బ్యాగులో అలాంటి ప్రతి మరకా ధరను తగ్గిస్తుంది. దూరం నుంచి కొనేటప్పుడు పగటి వెలుతురులో, ఫిల్టర్లు లేకుండా తీసిన మూలలు, హ్యాండిల్ అడుగు, మూత మడత, లోపలి భాగం ఫొటోలు అడగాలి. వంచి చూపే చిన్న వీడియో ఉంటే పగుళ్లు దాగవు. మరమ్మతు ఖర్చును ముందే కనుక్కుని ధరలోంచి తగ్గించమనాలి. వాపసు తీసుకునే షరతు, వాసన విషయంలో కూడా, రాతపూర్వకంగా ఉండాలి.