కదలబోతూ ఆగిపోయే కారు: క్లచ్ మార్పించే ముందు చూడాల్సిన లెక్కలు

మాన్యువల్ గేర్ల కారు సిగ్నల్ దగ్గర కదలబోతూ టక్కున ఆగిపోతే చాలామంది నోట మొదట వచ్చే మాట ‘క్లచ్ ప్లేట్లు పోయినట్టున్నాయి’. ఆ మాట పట్టుకుని గేర్‌బాక్స్ దింపించి, వేల రూపాయలు పోసి క్లచ్ సెట్ మార్పిస్తే, జబ్బు వేరే చోట ఉన్న బండి మళ్లీ అలాగే ఆగుతుంది. ఎందుకంటే అరిగిన క్లచ్‌కు ఇంజన్‌ని ఆపేంత పట్టు ఉండదు. అది జారుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ మోత పెరుగుతుంది గానీ బండి వేగం పెరగదు. కదిలేటప్పుడు ఇంజన్ ఆగిందంటే క్లచ్ దాన్ని గట్టిగానే పట్టుకుందన్నమాట. మరి లోపం ఎక్కడుంది? కొన్ని అంకెలు చూస్తే ఆ జవాబు మన చేతికే దొరుకుతుంది.

ఆరున్నర కిలోమీటర్ల గీత

మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌ని ఉదాహరణగా తీసుకుందాం. ఐడ్లింగ్‌లో దాని ఇంజన్ నిమిషానికి దాదాపు 800 చుట్లు తిరుగుతుంది. ఫస్ట్ గేర్ నిష్పత్తి సుమారు 3.5, ఫైనల్ డ్రైవ్ నిష్పత్తి సుమారు 4.1. రెండూ గుణిస్తే 14.4 వస్తుంది. అంటే ఇంజన్ 14.4 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. 165/80 ఆర్ 14 టైరు ఒక చుట్టు తిరిగితే బండి 1.95 మీటర్లు ముందుకెళ్తుంది.

ఈ లెక్కన క్లచ్ పూర్తిగా వదిలి, యాక్సిలరేటర్ తాకకుండా ఉంటే ఫస్ట్ గేర్‌లో బండి వేగం గంటకు 6.5 కిలోమీటర్లు. అంతకంటే నెమ్మదిగా వెళ్తున్నంతసేపూ ఇంజన్, చక్రాలు వేర్వేరు వేగాలతో తిరుగుతుంటాయి. ఆ తేడాను క్లచ్ జారుతూ సర్దుతుంది. మనం హాఫ్ క్లచ్ అనేది దీన్నే. సున్నా నుంచి 6.5 వరకు ఉన్న ఈ కొద్ది దూరంలోనే ఇంజన్ ఆగేదీ ఆగనిదీ తేలిపోతుంది.

పొరపాటున సెకండ్ గేర్‌లో కదిలిస్తే ఈ గీత గంటకు 12 కిలోమీటర్ల దగ్గరికి జరుగుతుంది. క్లచ్ దాదాపు రెట్టింపు వేగం దాకా జారాలి. చక్రానికి అందే బలమేమో దాదాపు సగానికి పడిపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగిన బండి గేర్ నిజంగా ఫస్ట్‌లో ఉందా అన్నది మొదట చూసుకోవాల్సిన సంగతి.

ఇంజన్ మీద పడే భారం ఎంత?

ఇంజన్ తిప్పే బలాన్ని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. మీటరు పొడవున్న స్పానర్ చివర కిలో బరువు వేలాడదీస్తే ఆ బోల్టు మీద పడేది దాదాపు 10 న్యూటన్ మీటర్లు. మనుషులతో కలిపి 1,200 కిలోల బరువున్న కారు కదిలే క్షణంలో, ఐడ్లింగ్‌లో ఉన్న ఇంజన్ మీద పడే భారాలు ఇంచుమించు ఇలా ఉంటాయి:

- చదునైన రోడ్డు మీద టైర్లు దొర్లడానికి: 4
- 8 మీటర్లకు 1 మీటరు ఎక్కే సెల్లార్ ర్యాంప్ మీద, అదనంగా: 31
- ఏసీ కంప్రెసర్ ఒక కిలోవాట్ లాగితే: 12
- హెడ్‌లైట్లు, ఫ్యాన్, బ్లోయర్ కలిపి 500 వాట్లు వాడుతుంటే, ఆల్టర్నేటర్ ద్వారా: 10
- 2 సెకన్లలో 6.5 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి: 23

ఏసీ లేకుండా, చదునైన రోడ్డు మీద, పగటిపూట నింపాదిగా కదిలితే మొత్తం 27. రాత్రిపూట ఏసీ వేసుకుని అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ ఎక్కుతుంటే మొత్తం 80. బండి అదే, ఇంజన్ అదే, భారం మాత్రం మూడు రెట్లు. 1.2 లీటర్ల సాధారణ పెట్రోల్ ఇంజన్ గరిష్ఠంగా ఇవ్వగలిగేది 110 ప్రాంతంలో ఉంటుంది. అదీ 4,000 ఆర్పీఎం దగ్గర. 800 దగ్గర అందులో చాలా తక్కువే దొరుకుతుంది. ‘రోడ్డు మీద బాగానే ఉంటుంది, ర్యాంప్ మీదే ఆగుతుంది’ అనే ఫిర్యాదు వెనకున్న లెక్క ఇదే.

కాలు వదిలే వేగం

పై పట్టికలో చివరి అంకె పూర్తిగా మన ఎడమ కాలి చేతిలో ఉంది. 6.5 కిలోమీటర్ల వేగానికి 4 సెకన్లలో చేరితే ఇంజన్ మీద పడేది 12 న్యూటన్ మీటర్లు. 2 సెకన్లయితే 23. క్లచ్‌ని ఒక్కసారిగా వదిలేసి అర సెకనులో చేరాలని చూస్తే 93. ఐడ్లింగ్‌లో ఉన్న ఏ చిన్న ఇంజనూ దాన్ని మోయలేదు.

ఆ భారం పడ్డ క్షణంలో ఇంజన్‌ని ఆదుకునేది దాంతో పాటు తిరిగే బరువైన చక్రం, ఫ్లైవీల్. అందులో నిలవ ఉండే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 800 నుంచి 1,500 ఆర్పీఎంకి పెంచితే ఆ శక్తి మూడున్నర రెట్లవుతుంది. క్లచ్ వదిలే ముందు యాక్సిలరేటర్ కొంచెం తొక్కమని డ్రైవింగ్ నేర్పేవాళ్లు చెప్పేది అందుకే. టర్బో డీజిల్ బండ్లలో ఇది మరీ ముఖ్యం. వాటి పూర్తి బలం సాధారణంగా 2,000 ఆర్పీఎం అటూ ఇటూగా అందుతుంది. అంతకంటే బాగా కింద టర్బో ఇంకా ఊపందుకోదు.

ఇంట్లోనే చేసుకోగల అయిదు పరీక్షలు

ఖాళీగా ఉన్న చదునైన చోట, బండికి ముందూ వెనకా మనుషులు లేకుండా చూసుకుని, ఇంజన్ వేడెక్కాక మొదలుపెట్టండి.

1. యాక్సిలరేటర్ లేకుండా కదిలించడం. ఏసీ ఆపి, ఫస్ట్ గేర్ వేసి, క్లచ్‌ని 4, 5 సెకన్ల పాటు నెమ్మదిగా వదలండి. ఇంజెక్షన్ ఉన్న ఆరోగ్యమైన ఇంజన్ దానంతటదే బండిని 6, 7 కిలోమీటర్ల వేగానికి తీసుకెళ్తుంది. వెళ్లిందంటే ఇంజన్ జోలికి వెళ్లాల్సిన పనిలేదు, దిద్దుకోవాల్సింది కాలు వదిలే తీరు. క్లచ్ కొత్తగా మార్చిన బండిలో పెడల్ పట్టుకునే చోటు మారుతుంది కాబట్టి కాలికి అలవాటయ్యేదాకా ఇలా ఆగడం సహజం.

2. నిలబడి ఉండగా భారం వేయడం. న్యూట్రల్‌లో ఉంచి ఏసీ, హెడ్‌లైట్లు, బ్లోయర్ అన్నీ ఒకేసారి వేయండి. ఆర్పీఎం ముల్లు కాస్త దిగి, ఒకటి రెండు సెకన్లలో మళ్లీ లేవాలి. చాలా బండ్లలో ఏసీ వేస్తే ఐడ్లింగ్ ముందుకంటే కొంచెం పైనే నిలుస్తుంది. ముల్లు 500 దాకా పడి ఇంజన్ వణికితే తప్పు ఇంజన్ వైపుంది. క్లచ్‌కి దీనితో సంబంధమే లేదు.

3. చేత్తో తోయడం. ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ దించండి. స్టీరింగ్ దగ్గర ఒకరు కూర్చుని, ఇద్దరు తోయండి. 900 కిలోల ఖాళీ బండిని దొర్లిస్తూ ఉండటానికి చదును నేల మీద 14 కిలోల బలం చాలు, మొదటి కదలికకు ఇంకాస్త ఎక్కువ. ఇద్దరు తోసినా కదలకపోతే బ్రేకు ఎక్కడో పట్టేసింది. వాన నీళ్లలో నిలిచి తుప్పుపట్టిన డ్రమ్ములు, సాగని హ్యాండ్ బ్రేక్ కేబుల్, వెనక్కి రాని క్యాలిపర్ పిస్టన్ ఇందుకు కారణాలు కావచ్చు. కొంత దూరం నడిపాక ఒక చక్రం దగ్గర మాత్రమే సెగ తగులుతుంటే అదే దోషి. రిమ్మును తాకకండి, చెయ్యి కాలుతుంది.

4. క్లచ్ పూర్తిగా విడిపోతోందా? పెడల్ అడుగుదాకా తొక్కి ఫస్ట్ గేర్ వేయండి. గేర్ వేయగానే బండి ముందుకు జరిగినా, ఆర్పీఎం పడినా, రివర్స్ గేర్ గరగరమన్నా క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. ముందు పెడల్ కింద మడతపడ్డ మ్యాట్ ఉందేమో చూడండి. తర్వాత కేబుల్ బండి అయితే కేబుల్ సర్దుబాటు, హైడ్రాలిక్ బండి అయితే ఆయిల్ మట్టం, లీకులు చూపించాలి.

5. క్లచ్ పట్టు. హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, కుడి కాలు బ్రేక్ మీద ఉంచి, థర్డ్ గేర్‌లో క్లచ్ నెమ్మదిగా వదలండి. ఇంజన్ ఆగిపోవాలి. ఆగితే క్లచ్‌కి పట్టు ఉన్నట్టు. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేట్లు అరిగినట్టు. ఒక్కసారి చేస్తే చాలు, పదే పదే చేస్తే మంచి క్లచ్ కూడా కాలిపోతుంది.

ఇంజన్ వైపు వెతకాల్సి వస్తే

నాలుగు సిలిండర్ల ఇంజన్ 800 ఆర్పీఎం దగ్గర సెకనుకు సుమారు 27 సార్లు మండుతుంది. మూడు సిలిండర్లదైతే 20 సార్లు. ఒక ప్లగ్గు గానీ కాయిల్ గానీ పనిచేయకపోతే మొదటి దాంట్లో నాలుగో వంతు బలం పోతుంది, రెండో దాంట్లో మూడో వంతు. ఇప్పటి చిన్న కార్లలో మూడు సిలిండర్లవి చాలా ఉన్నాయి. వాటిలో మిస్‌ఫైర్‌ని ఒక్క రోజు కూడా వాయిదా వేయకూడదు.

ఐడ్లింగ్‌లో ఇలాంటి ఇంజన్ పీల్చే గాలి సెకనుకు 2 నుంచి 3 గ్రాములే. అంత కొంచెం గాలి త్రాటిల్ పలక పక్కన ఉండే సన్నని సందులోంచి రావాలి. ఏళ్ల తరబడి మసి పేరుకుని ఆ సందు మూసుకుపోతుంటే కంప్యూటర్ పలకను ఇంకాస్త తెరుస్తూ నెట్టుకొస్తుంది. ఏసీ, క్లచ్ భారాలు ఒకేసారి పడిన రోజు దాని సర్దుబాటు చాలదు, ఇంజన్ ఆగిపోతుంది. త్రాటిల్ బాడీ శుభ్రం చేయిస్తే చాలా బండ్లు కుదురుకుంటాయి. శుభ్రం చేశాక, లేదా బ్యాటరీ తీసి పెట్టాక, కొన్ని బండ్లకు ఐడ్లింగ్‌ని మళ్లీ నేర్పించాలి. అది చేయకపోతే బాగున్న బండి కూడా కొన్నాళ్లు ఆగుతుంది.

పెట్రోల్ పూర్తిగా మండాలంటే 1 గ్రాముకు 14.7 గ్రాముల గాలి కావాలి. ఐడ్లింగ్‌లో ఇన్‌టేక్ గొట్టం లోపలి పీడనం 30 నుంచి 40 కిలో పాస్కల్స్, బయట 100. అందుకే రబ్బరు గొట్టంలో చిన్న చీలిక ఉన్నా లెక్కలో లేని గాలి లోపలికి దూరి మిశ్రమాన్ని పలచన చేస్తుంది. వేగంగా వెళ్తున్నప్పుడు ఆ గాలి మొత్తంలో చిన్న భాగమే, అందుకే తేడా తెలియదు. ఐడ్లింగ్‌లో అదే పెద్ద భాగం.

ఎప్పుడు ఆగుతోందో రాసి పెట్టుకుంటే మెకానిక్ పని సగం తగ్గుతుంది:

- పెట్రోల్ కొట్టించిన వెంటనే ఆగితే: ట్యాంకు ఆవిరిని ఇంజన్‌లోకి పంపే పర్జ్ వాల్వ్ మూసుకోవడం లేదేమో చూడాలి.
- పొద్దున చల్లగా ఉన్నప్పుడే ఆగితే: కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్, త్రాటిల్ మసి.
- బాగా వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అయితే: క్రాంక్ సెన్సర్, ఇంధన పంపు.
- డీజిల్ బండి ఐడ్లింగ్‌లో పొగతో ఊగిసలాడితే: తెరుచుకుని ఇరుక్కుపోయిన ఈజీఆర్ వాల్వ్.
- సీఎన్‌జీలో ఆగి, పెట్రోల్‌లో ఆగకపోతే: గ్యాస్ కిట్ ట్యూనింగ్, గ్యాస్ ఫిల్టర్.

కంప్యూటర్ చెప్పేది వినండి

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 ప్రమాణాలతో వస్తున్న కార్లన్నిటికీ, అంతకు ముందువాటిలో చాలావాటికీ స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టు ఉంటుంది. చిన్న బ్లూటూత్ స్కానర్ పెట్టి ఫోన్‌లోనే కోడ్లు చూడొచ్చు. పి 0171 వస్తే మిశ్రమం పలచనగా ఉంది. పి 0300 మిస్‌ఫైర్, పి 0335 క్రాంక్ సెన్సర్ సర్క్యూట్. పి 0505 ఐడ్లింగ్ నియంత్రణ లోపం, పి 0506 ఐడ్లింగ్ ఉండాల్సినదానికంటే తక్కువ. కోడ్ లేకపోయినా, కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే ఫ్యూయల్ ట్రిమ్ అంకె చూడండి. అది 10 శాతం లోపల అటూ ఇటూ ఆడితే ఫర్వాలేదు. ఐడ్లింగ్‌లో 20 దాటి, ఆర్పీఎం పెంచితే సున్నా వైపు దిగితే గాలి లీకు ఉందని దాదాపు ఖాయం. బ్యాటరీ వోల్టేజీ కూడా అక్కడే కనిపిస్తుంది. ఇంజన్ నడుస్తుండగా మామూలుగా 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. కోడ్ అనేది ఎక్కడ వెతకాలో చెబుతుంది. ఆ పేరున్న సామాను కొనేయమని దాని అర్థం కాదు.

ఒక హెచ్చరిక. కదిలేటప్పుడు ఆగడం చికాకు, నడుస్తుండగా ఆగడం ప్రమాదం. ఇంజన్ ఆగిన వెంటనే స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేక్ బూస్టర్‌లో మిగిలిన సాయం రెండు మూడు తొక్కులకే సరిపోతుంది. అలాంటప్పుడు బ్రేక్‌ను పదే పదే వదలకుండా ఒకే గట్టి తొక్కుతో బండిని పక్కకు తీసి ఆపండి. ఆ లోపం ఒక్కసారి కనిపించినా బండిని హైవే ఎక్కించకండి.

మెకానిక్ దగ్గరికి వెళ్లేటప్పుడు ‘బండి ఆఫ్ అవుతోంది’ అని మాత్రమే చెప్పకండి. అయిదు పరీక్షల్లో ఏది నిలిచింది, ఏది తప్పింది, ఏసీ వేస్తే ముల్లు ఎంతకు పడింది, ఏ కోడ్ వచ్చిందన్నది కాగితం మీద రాసివ్వండి. అయిదో పరీక్షలో ఇంజన్ ఆగిపోయిన బండికి, పట్టు లేదన్న పేరుతో క్లచ్ ప్లేట్లు మార్పించడానికి ఒప్పుకోకండి.