అవయవదానము – గృహిణి సమ్మతి

భారతము ఆదిపర్వమునందలి యయాతి కథ మనమందరము వినినదే. శుక్రాచార్యుని శాపమువలన అకాలమున ముసలితనము పొందిన యయాతి తన కుమారుల నేవురను వరుసగా పిలిచి, తన ముదిమిని గైకొని యౌవనము నిమ్మని యడిగెను. యదువు, తుర్వసుడు, ద్రుహ్యుడు, అనువు కాదనిరి. నలువురును తండ్రి శాపమునకు గురియైరి. కడగొట్టు కుమారుడగు పూరుడు సరేయనెను, రాజ్యమును పొందెను. చిన్ననాడు మా తండ్రిగారియొద్ద ఈ కథ చదువుకొన్నపుడు పూరుని పితృభక్తికి కన్నీరు పెట్టుకొంటిని. గత సంవత్సరము మా పుట్టినింటికి ఒక కష్టము వచ్చినపుడు ఆ కథయే మరల జ్ఞప్తికి వచ్చెను; కాని ఈసారి నేను తలచుకొన్నది పూరుని కాదు, తక్కిన నలువురిని. కాదన్నచో శాపము తప్పదని తెలిసినచోట, ఔనన్న మాటకు విలువ యెంత?

మా తమ్మునికి మూత్రపిండములు రెండును చెడిపోయినవి. వారమునకు మూడు పర్యాయములు, ఒక్కొక్కసారి నాలుగేసి గంటలు, యంత్రముచేత రక్తమును శుద్ధిచేయించు డయాలిసిస్ చికిత్సతో వాడు కాలము గడుపుచుండెను. ఎవరైన ఒక కిడ్నీ నిచ్చినచో మేలని వైద్యులు చెప్పిరి. మా మరదలి రక్తము వాని రక్తముతో సరిపడలేదు. మా యమ్మకు వయసు మీరినది, రక్తపుపోటు కలదు. ఇక మిగిలినదానను నేను. నన్నెవ్వరును నోరు తెరచి అడుగలేదు. కాని పండుగకు వెళ్లినపుడు అమ్మ నా కంచములో అన్నము వడ్డించుచు, "నీవు కూడ వాని రక్తమేకదే, తల్లీ" అని కన్నులు తుడుచుకొన్నది. ఆ మాటతో నాకు ముద్ద దిగలేదు. నాకు భయము కలిగెను. భయము కలిగినందుకు సిగ్గును కలిగెను. ఈ రెండును నావంటి మరికొందరికి కలిగియుండునని తలచియే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మొట్టమొదట ఈ దానముయొక్క చరిత్రను తెలిసికొంటిని. 1954వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున, డాక్టరు జోసెఫ్ మర్రే గారు ఒక కవల సోదరుని మూత్రపిండమును రెండవ సోదరునికి అమర్చిరి. అట్టి చికిత్సలలో చక్కగా ఫలించినది అదియే మొదటిది. ఇచ్చినవాడు రోనాల్డు హెర్రిక్, గ్రహించినవాడు రిచర్డు. శస్త్రచికిత్సకు ముందునాటి రాత్రి రిచర్డు తన సోదరునికి చీటి పంపి, ఇంటికి వెడలిపొమ్మని వేడెనట. రోనాల్డు పోలేదు. రిచర్డు మరి యెనిమిదేండ్లు జీవించి, తనకు పరిచర్య చేసిన నర్సును పెండ్లాడి, ఇద్దరు బిడ్డలకు తండ్రియయ్యెను. రోనాల్డు గణితోపాధ్యాయుడై, ఒక్క మూత్రపిండముతోనే ఏబదియారేండ్లు బ్రతికి, 2010లో తన 79వ యేట గతించెను. మర్రే గారికి 1990లో నోబెలు బహుమానము వచ్చెను.

ఈ కథలో నా మనసును తాకినది శస్త్రచికిత్స కాదు, ఆ చీటి. పొందవలసినవాడే వెడలిపొమ్మనుటవలన ఇచ్చువాని నిలుకడ నిజమైన దానమయ్యెను.

ఇక దేహమున కేమగునో చెప్పెదను. ఒక మూత్రపిండమును తీసివేసిన పిదప రెండవది కొంత పెరిగి పనిని మీద వేసికొనును. పూర్వపు శక్తిలో నూటికి సుమారు డెబ్బదివంతులు నిలుచును. నేడు పొట్టపై చిన్న రంధ్రములుచేసి కెమెరా సాయముతో దానిని తీయుచున్నారు. ఈ పద్ధతి 1995లో అమెరికాలో మొదలైనది. దాత కొలది దినములలో ఇల్లు చేరవచ్చును గాని, నాలుగైదు వారములు బరువు లెత్తరాదు. నీళ్లబిందె, పిండిరుబ్బు, చంటిబిడ్డ – ఇవియన్నియు బరువులే.

అపాయము లేదని చెప్పువారి మాట నమ్మవలదు. చావు నిశ్చయమని భయపెట్టువారి మాటయు నమ్మవలదు. అమెరికాలో 1994 మొదలు 2009 వరకు ఇచ్చిన దాతలను లెక్కింపగా, మూడు మాసములలోపల మరణించినవారు పదివేలమందికి సుమారు ముగ్గురు. 2013 మొదలు 2022 వరకు తీసిన లెక్కలలో అది పదివేలమందికి ఒకరికంటె తక్కువకు దిగినది. కాలక్రమమున దాతకే మూత్రపిండము చెడిపోవు ప్రమాదమును గూర్చి 2014లో ఒక లెక్క వెలువడినది: దాతలలో జీవితకాలమున పదివేలకు 90 మందికి అట్లగునని, అంతే ఆరోగ్యవంతులై దానము చేయనివారిలో 14 మందికి మాత్రమే యగునని యంచనా. అనగా ప్రమాదము స్వల్పమే, కాని పెరుగుట నిజము.

స్త్రీలు ప్రత్యేకముగ తెలియవలసిన మాట యొకటి కలదు. కెనడా దేశమున 2015లో ప్రకటించిన పరిశోధనలో, కిడ్నీ నిచ్చిన పిదప గర్భవతులైనవారిలో నూటికి 11 గర్భములందు రక్తపుపోటు ఉపద్రవములు కనబడినవి. ఇయ్యనివారిలో నూటికి 5. తల్లులును బిడ్డలును చాలవరకు క్షేమముగనే యుండిరి. అయినను ఇంకను సంతానము కోరు పడుచు ఈ సంగతి తెలియకుండ సంతకము చేయరాదు. కుటుంబమున తరతరములుగ మూత్రపిండవ్యాధి యున్నయెడల దాతకును అది దాగియున్నదేమో పరీక్షింపవలయును. మన శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానమున ఎందరినో పీడించుచున్న మూత్రపిండవ్యాధికి మూలకారణ మింకను తేలలేదు. అట్టిచోట అన్నకు తమ్ముడో, భర్తకు భార్యయో ఇయ్యదలచినపుడు, ఆ నీరే త్రాగి, ఆ యెండలోనే పనిచేసిన దేహమని మరింత జాగ్రత్తగ చూడవలయును.

కాలేయదానము వేరు. దానిలో కొంతభాగమును కోసి యిత్తురు. మిగిలినది కొలది మాసములలో చాలవరకు పెరుగును. కాని ఆ శస్త్రచికిత్స కిడ్నీ తీయుటకంటె పెద్దది, అపాయమును హెచ్చు. పైగా కిడ్నీ రోగికి డయాలిసిస్ ఆధారముండగా, కాలేయరోగికి అట్టి ఆధారము లేదు. కావున ఇంటివారి తొందర మిక్కుటమగును. ఆ తొందరలో నిదానముగ ఆలోచించుట మరింత అవసరము.

ఇపు డొక చేదు నిజమును చెప్పవలసియున్నది. పురాణములలో దేహమిచ్చినవారు పురుషులు: పావురముకొరకు తొడ కోసియిచ్చిన శిబి, వెన్నెముక నిచ్చిన దధీచి. నేటి మన యిండ్లలో ఇచ్చువారు స్త్రీలు. 2019వ సంవత్సరపు వివరములతో మన దేశమున జరిగిన పరిశీలనలో, బ్రతికియుండి అవయవ మిచ్చినవారిలో నూటికి సుమారు ఎనుబదిమంది స్త్రీలే. అందులో భార్యలును తల్లులును అధికము. మరి పొందినవారెవరు? 1995 మొదలు 2021 వరకు దేశమున అవయవములను పొందినవారు 36,640 మంది కాగా, పురుషులు 29,695, స్త్రీలు 6,945. సంపాదించువాడు మంచము పట్టరాదని ఇల్లు తలచును. ఇల్లు నడుపునది మంచము పట్టినచో ఏమగునో తలచదు. శిబిని బంధువులు చుట్టుముట్టి యడుగలేదు. ఆయన రాజు, కాదనగలిగియు ఇచ్చెను.

మన శాసనము ఈ సంగతిని గుర్తించినది. 1994లో చేసిన అవయవమార్పిడి చట్టమునుబట్టి, భార్యాభర్తలు, తల్లిదండ్రులు, బిడ్డలు, తోబుట్టువులు సమీపబంధువులు. 2011 సవరణలో తాతలు, అవ్వలు, మనుమలు, మనుమరాండ్రును చేరిరి. ఇతరు లియ్యదలచినచో ప్రత్యేక సంఘము విచారించి యనుమతింపవలయును. అమ్ముట, కొనుట నేరము. అయిదు మొదలు పదేండ్లవరకు చెరయు, ఇరువదిలక్షలకు తక్కువకాని జరిమానాయు గలవు. 2014 నిబంధనలలో స్త్రీదాతనుగూర్చి వేరుగా ఒక నిబంధన యున్నది: ఆమె స్వతంత్ర సమ్మతిని, రోగి కాక వేరొకరు ధ్రువపరుపవలయును. రక్తము సరిపడని రెండు కుటుంబములు పరస్పరము దాతలను మార్చుకొనుటకును చట్టము త్రోవ చూపినది.

ఆ నిబంధనయొక్క విలువ నాకు వైద్యశాలలో తెలిసినది. నిరీక్షించు గదిలో నా ప్రక్కన ఒక యిల్లాలు కూర్చుండెను. ఆమె భర్తకు ఇచ్చుటకై వచ్చినది. ఆమె పేరడిగినను, ఊరడిగినను అత్తవారే జవాబు చెప్పుచుండిరి. లోనికి ఒంటరిగా పిలిచినపుడు వారును లేవబోయిరి. అచ్చటి యుద్యోగిని వారిని బయటనే నిలిపెను. తలుపు మూసిన పిదప ఆమె యేమి చెప్పెనో నే నెరుగను. కాని ఆ తలుపు మూయుటయే ఆమెకు జరిగిన గొప్ప యుపకారమని తలచితిని.

నన్నును అటులే పిలిచిరి. ఆ వైద్యురాలు, "మీరు వద్దన్నచో, మీరు దానమునకు తగరని మాత్రమే చెప్పెదము, కారణము ఎవ్వరికిని చెప్పము. మత్తుమందిచ్చు క్షణమువరకు మీరు మనసు మార్చుకొనవచ్చును" అనెను. నేను పదునైదు దినములు గడువడిగితిని. ఆ దినములలో మా వారితో, పిల్లలతో మాటాడితిని. రేపు నా బిడ్డకే అవసరమైనచో నేమి చేయుదునను ప్రశ్నకు నాకు జవాబు దొరకలేదు. జవాబులేని ప్రశ్న యొకటి మిగులునని ఒప్పుకొంటిని. తమ్ముడు ఒకనాడు ఫోనులో, "అక్కా, నీ పిల్లలు చిన్నవాళ్లు. నేను యంత్రముతో ఉండగలను. నీవు రాకున్నను నాకు నీవు అక్కవే" అనెను. కాదను త్రోవ తెరచియున్నదని తెలిసిన పిదపనే, ఔనని నా యంతట నేననగలిగితిని.

ఇచ్చితిని. నేటికి యెనిమిది మాసములైనది. రెండు మాసములు నీరసముతో నుంటిని. మా వారు బడికి పోకముందు అన్నము వండిరి. మా అత్తగారు కూరలు తరిగిరి. తమ్మునికి మధ్యలో ఒకసారి దేహము క్రొత్త కిడ్నీని త్రోసివేయజూచినది, మందులతో సర్దుకొన్నది. ఆ మందులు వాడు జీవితాంతము మ్రింగవలయును. ఇచ్చిన కిడ్నీ సైతము శాశ్వతము కాదు. నేను ఏటేట రక్తపుపోటు, మూత్రము, రక్తములోని క్రియాటినిన్ పరీక్షించుకొనవలయును; తలనొప్పి వచ్చినదని తోచిన నొప్పిమాత్ర వేసికొనరాదు.

నే నిచ్చితిని గనుక మీరును ఇండని చెప్పుటకు ఈ వ్యాసము వ్రాయలేదు. బాగుగ తెలిసికొని కాదన్న యామె స్వార్థపరురాలు కాదు. తెలియక ఔనన్న యామె త్యాగమూర్తియు కాదు. ఇల్లాండ్రకు నా విన్నపములు కొన్ని. మొదట మీ దేహమునుగూర్చి వైద్యుని ప్రశ్నింపుడు, సిగ్గుపడవలదు. ఒంటరిగా మాటాడు నవకాశమును అడిగి పొందుడు. ఇచ్చుటకు ముందే, కోలుకొనునంతకాలము వంటిల్లును పిల్లలను ఎవరు చూతురో పేరుపేరున నిర్ణయింపుడు. అత్తలకు, తల్లులకు మరొక విన్నపము: కన్నీటితో అడుగవలదు, కంచముముందు అడుగవలదు. ఇంటిలోని మగవారు కూడ పరీక్షలకు రావలయును. వరుసలో కోడలే మొదట నిలువ నక్కరలేదు.

అందరికిని వీలైన దానము వేరొకటి కలదు. మెదడు పూర్తిగ మృతిచెందిన పిదప అవయవముల నిచ్చుట. దానికొరకు మన తెలుగు రాష్ట్రములలో జీవన్‌దాన్ అను పథకమున్నది. ఆ దానమువలన బ్రతికియున్న ఏ దేహమునకును కోత పడదు. కావున మనమిష్టపడినచో పేరు వ్రాయించుకొని, ఆ సంగతిని ఇంటివారికి నేడే చెప్పియుంచుదము. ఆ వేళ సమ్మతి చెప్పవలసినవారు వారే.

మా యమ్మ మొన్న వచ్చినపుడు నా ప్రక్కన కూర్చుండి, "ఆనాడు నేనట్లు అనియుండవలసినది కాదు, తల్లీ" అనెను. పూరునికి యౌవనము తిరిగియిచ్చిన దినమున యయాతియు, తక్కిన నలువురిని తలచుకొని, ఇట్లే ఒక్కమాట అనియుండిన ఎంత బాగుండెడిది!